కావడి ఒకరిది... నడక అందరిది!

కాళ్లకు చెప్పుల్లేవు. ఒంటిమీద పసుపు బట్టలు. నెత్తిన పాలబిందె. చుట్టూ చూస్తే ఆకాశాన్నంటే అద్దాల మేడలు. తైపూసం నాటి సింగపూర్‌ను చూస్తే పళని కొండదారే సముద్రం దాటి వచ్చిందా అనిపిస్తుంది. ఉద్యోగాల కోసం అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ ఊరేగింపును మొదట వింతగా చూస్తాయి. ఆ తర్వాత మెల్లగా అందులో తమ ఊరినీ చూసుకుంటాయి.

అర్ధరాత్రి వేళ...

సెరంగూన్ రోడ్డు. సింగపూర్‌లో 'లిటిల్ ఇండియా'కు వెన్నెముక లాంటి వీధి. మామూలు రోజుల్లో మల్లెపూల దండలు, చీరల దుకాణాలు, ఫిల్టర్ కాఫీ వాసన. ఆదివారం సాయంత్రమైతే సెలవు దొరికిన కూలీలతో ఇసక వేస్తే రాలదు. ఆ రాత్రి మాత్రం జనమంతా ఒకే గుడివైపు నడుస్తుంటారు. అదే శ్రీనివాస పెరుమాళ్ కోవెల. పెరుమాళ్ అంటే ఇంకెవరో కాదు, మన ఏడుకొండల వెంకన్నే. 19వ శతాబ్దం నడిమధ్యలో నరసింహ పెరుమాళ్ పేరుతో వెలిసిన ఈ ఆలయాన్ని 1978లో ఆ దేశం జాతీయ కట్టడంగా ప్రకటించింది.

పండుగ ముందురోజు అర్ధరాత్రి సమయానికే మొదటి వరుస కదులుతుంది. ముందు పాలబిందెలు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, తల్లి కొంగు పట్టుకుని నడిచే పిల్లలు. తెల్లారేసరికి కావళ్లు అందుకుంటాయి. నెమలి ఈకలు ఊగుతుంటాయి. విభూతి, సాంబ్రాణి, నిమ్మకాయల వాసన కలిసిపోయి వీధి వీధంతా గుడిలా మారిపోతుంది. 'వేల్... వేల్' అన్న కేక ఒక కొసన మొదలైతే రెండో కొస అందుకుంటుంది. అలా మర్నాటి రాత్రిదాకా సాగుతూనే ఉంటుంది.

సెరంగూన్ రోడ్డు, సెలెగీ రోడ్డు, డోబీ ఘాట్... మూడు కిలోమీటర్లకు పైచిలుకు నడక. డోబీ ఘాట్ అన్న పేరు వింటేనే అర్థమవుతుంది, ఒకప్పుడు మనదేశం నుంచి వెళ్లిన చాకళ్లు బట్టలుతికిన చోటని. ఇప్పుడక్కడ మెట్రో స్టేషను, షాపింగ్ మాళ్లు. వాటి మధ్య నుంచే కావళ్లు వెళ్లి టాంక్ రోడ్డులోని దండాయుధపాణి గుడికి చేరతాయి. విష్ణువు పార్వతికి అన్న అంటారు కదా. ఆ లెక్కన ఇది మేనమామ గుడి నుంచి మేనల్లుడి గుడికి ప్రయాణం!

ఇంతకీ ఏమిటీ పూసం?

తమిళుల తై మాసంలో పౌర్ణమి నాటికి పుష్యమీ నక్షత్రం వచ్చే రోజు తైపూసం. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మధ్యలోపు ఎప్పుడైనా రావచ్చు. మన లెక్కలో సాధారణంగా పుష్య పౌర్ణమి ప్రాంతం. శూరపద్ముడనే రాక్షసుణ్ని సంహరించడానికి పార్వతీదేవి తన కొడుకు చేతికి 'వేల్' అంటే శక్తి ఆయుధాన్ని ఇచ్చిన రోజుగా దీన్ని జరుపుకుంటారు.

మరి కావడి ఎందుకు మొయ్యాలి? దానికో కథ. అగస్త్య మహాముని తన శిష్యుడు ఇడుంబుణ్ని పిలిచి, శివగిరి, శక్తిగిరి అనే రెండు కొండల్ని దక్షిణాదికి చేర్చమన్నాడట. ఇడుంబుడు ఆషామాషీ మనిషి కాదు. ఒక బద్దకు రెండువైపులా రెండు కొండలు కట్టి భుజాన వేసుకుని బయల్దేరాడు. పళని దగ్గరికొచ్చేసరికి అలసటగా అనిపించి కాసేపు దించాడు. మళ్లీ ఎత్తబోతే ఒక కొండ కదలదే! తలెత్తి చూస్తే దానిమీద చేతిలో కర్రతో ఓ కుర్రాడు. దిగిపొమ్మంటే దిగడు. ఈ కొండ నాదంటాడు. మాటామాటా పెరిగింది. పోరాటంలో ఇడుంబుడు నేలకొరిగాడు. ఆ కుర్రాడే కుమారస్వామి. భార్య మొరపెట్టుకుంటే స్వామి కరుణించి ఇడుంబుణ్ని బతికించి తన ద్వారపాలకుణ్ని చేసుకున్నాడు. నీలాగే కావడి మోసుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ల కోరిక తీరుస్తానని మాటిచ్చాడు. ఓడిపోయినవాడి పేరుమీద వరం ఇచ్చిన కథ ఇది. అందుకేనేమో, బతుకుదెరువు కోసం ఊరు వదిలి వెళ్లినవాళ్లకు ఈ దేవుడు మరీ దగ్గరయ్యాడు.

అన్నను చూడ్డానికి తమ్ముడు

తైపూసం ముందురోజుకు 'చెట్టి పూసం' అని పేరు. వడ్డీ వ్యాపారం కోసం సింగపూర్ వెళ్లిన నాట్టుకోట్టై చెట్టియార్లు 1859లో టాంక్ రోడ్డు గుడిని కట్టించారు. ఇప్పటికీ చాలామంది దాన్ని చెట్టియార్ల గుడి అనే పిలుస్తారు. ఆ రోజున వెండిరథం మీద స్వామి బయల్దేరతాడు. ఎక్కడికంటే... కియోంగ్ సైక్ రోడ్డులో ఉన్న వినాయకుడి గుడికి. దారిలో సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మారియమ్మన్‌ను పలకరిస్తాడు. పగలంతా అన్న దగ్గర గడిపి సాయంత్రం ఇంటిముఖం పడతాడు.

విఘ్నాధిపత్యం కోసం అన్నదమ్ములిద్దరూ పోటీపడ్డ కథ వినాయకచవితి నాడు మనం ఇంటింటా చదువుకునేదే. తమిళనాట చెప్పేది పండు కథ. అన్నకు పండు దక్కిందని అలిగి, తమ్ముడు పళని కొండెక్కి కూర్చున్నాడంటారు. అలా అలిగిన తమ్ముడు ఏడాదికోసారి రథం కట్టించుకుని అన్నను చూడ్డానికి వెళ్తాడన్నమాట. అయినవాళ్లందరినీ వదిలి సముద్రం దాటిన చెట్టియార్లకు ఈ వేడుకలో ఏం కనిపించి ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు.

బిందె నుంచి రథం దాకా

కావళ్లన్నీ ఒక్కలా ఉండవు. అన్నిటికన్నా తేలికైంది పాల్‌కుడం. పాలు నింపిన బిందెకు గుడ్డ కట్టి నెత్తిన పెట్టుకుని నడవడం. ఆ పాలే చివర్లో స్వామి అభిషేకానికి. ఊరేగింపులో ఎక్కువమంది మొక్కు ఇదే.

తర్వాతది భుజాన మోసే పాలకావడి. చెక్కబద్ద మీద విల్లులా వంచిన చట్రం, దానికి పూలు, నెమలి ఈకలు, రెండువైపులా చిన్న పాలచెంబులు. చూడముచ్చటగా ఉంటుంది.

చూసేవాళ్ల గుండె ఝల్లుమనేది మాత్రం అలగు కావడిని చూసినప్పుడే. లోహపు చట్రం నిలువెత్తు గొడుగులా మనిషి చుట్టూ విచ్చుకుంటుంది. 30 కిలోలు దాటే కావళ్లూ ఉంటాయి. నడుముకు పట్టీ కట్టి, చట్రం నుంచి వచ్చే సన్నటి ఊచల్ని ఛాతీకి, వీపుకు ఆనిస్తారు. నాలుకకూ చెంపలకూ చిన్న శూలాలు గుచ్చుకుంటారు. మరికొందరు వీపుకు కొక్కేలు తగిలించుకుని, వాటికి కట్టిన చిన్న రథాన్ని లాగుతూ వెళ్తారు. ఇంకొందరైతే ఒంటినిండా నిమ్మకాయలు వేలాడదీసుకుంటారు. మేకుల పాదరక్షలు వేసుకునేవాళ్లూ ఉన్నారు.

ఇదంతా అప్పటికప్పుడు చేసే సాహసం కాదు. వారాల ముందే దీక్ష మొదలవుతుంది. కొందరు మండలం, అంటే 48 రోజులు పాటిస్తారు. మాంసం, మద్యం ముట్టరు. బ్రహ్మచర్యం. నేలమీదే పడక. పూటకింత సాత్వికాహారం. అనుభవం ఉన్న పెద్దలే శూలాలు గుచ్చుతారు. గుచ్చేచోట విభూతి రాస్తారు. రక్తం పెద్దగా కనిపించదు. అది దైవకృప అంటారు భక్తులు. నెలల తరబడి సిద్ధమైన మనసు, ఆ క్షణంలోని తన్మయత్వం నొప్పిని మరిపిస్తాయంటారు మరికొందరు. కారణం ఏదైనా, ఆ ముఖాల్లో బాధ వెతికితే దొరకదు.

మొక్కులు మాత్రం చాలా మామూలువి. జబ్బుపడ్డ తల్లి కోలుకోవాలి. పెళ్లయి ఏళ్లు గడిచినా పుట్టని బిడ్డ పుట్టాలి. పిల్లాడు పరీక్ష గట్టెక్కాలి. పోయిన ఉద్యోగం మళ్లీ రావాలి. ప్రపంచంలో ఎక్కడున్నా మనుషులు దేవుణ్ని అడిగేవి ఈ నాలుగే కదా!

మోసేవాడు ఒక్కడే కాదు

కావడి ఎత్తినవాణ్ని కాసేపు పక్కనపెట్టి, అతని చుట్టూ ఉన్నవాళ్లను చూడండి. అసలు పండుగ అక్కడుంది.

ఒక్క కావడి వెనక ఓ చిన్న ఊరే నడుస్తుంది. ముందు నడిచేవాళ్లు దారి చేస్తారు. ఒకరు మంచినీళ్ల సీసా పట్టుకుంటారు. ఒకరి చేతిలో చిన్న బల్ల... మోసేవాడు అలిసిపోతే చట్రం దించకుండానే కూర్చోడానికి. తమ్ముడు చెమట తుడుస్తాడు. స్నేహితులు గొంతు పోయేదాకా 'వేల్ వేల్' అంటుంటారు. నోటికి శూలం ఉంది కాబట్టి మోసేవాడు మాట్లాడలేడు. కళ్లతోనే చెబుతాడు. ఆ కళ్లనే చూస్తూ వెనక్కి నడిచే మనిషి ఒకరుంటారు. తల్లో, భార్యో, అక్కో. నడకంతా ఆమె చూపు అతని ముఖం మీదే.

కాలు తడబడితే పట్టుకునేందుకు పది చేతులు. అడుగు ఆగిపోతే కదిలించేందుకు ఒక పాట. ఏ వరసా లేనివాళ్లు కూడా ఆ పూట చుట్టాలైపోతారు. కూలిపనికి వచ్చి, డార్మిటరీ గదిలో పదిమందితో సర్దుకుంటూ, ఇంటికి ఫోన్ చేసి 'బాగానే ఉన్నా' అని చెప్పే కుర్రాడికి ఆ ఒక్కరోజు అన్నలు, బాబాయిలు, పిన్నులు దొరుకుతారు. మొక్కు తీరడం దేవుడి చేతిలో ఉంది. తోడు దొరకడం మాత్రం అక్కడికక్కడే జరిగిపోతుంది.

దారి పొడవునా పందిళ్లు వేసి మజ్జిగ, పానకం, చల్లటి పాలు ఇస్తారు. 'తణ్ణీర్ పందల్' అంటారు. మన చలివేంద్రమే! ఇచ్చేవాళ్లలో చైనీయులూ ఉంటారు. ఇచ్చేవాళ్లేమిటి, కావడి ఎత్తే చైనీయులే ఉన్నారు. మొక్కు తీరిందని ఏటేటా వచ్చేవాళ్లు.

టాంక్ రోడ్డు గుడి చేరాక పాలు స్వామికి అందుతాయి. శూలాలు ఒక్కొక్కటీ తీసి విభూతి అద్దుతారు. చట్రాన్ని విడదీస్తారు. అప్పటిదాకా రాయిలా నిలబడ్డ మనిషి ఒక్కసారిగా తల్లి భుజంమీద వాలిపోతాడు. తర్వాత అందరూ కలిసి పంక్తి భోజనానికి.

మనకు కొత్తేం కాదు

సింగపూర్‌లో కాపురం పెట్టిన తెలుగువాళ్లకు తొలి తైపూసం కాస్త కంగారుగానే ఉంటుంది. ఫ్లాట్ కిటికీ నుంచో, ఫుట్‌పాత్ మీద నుంచో చూసి, ఇది తమిళుల పండుగ, మనది కాదు అనుకుంటారు. ఓపిగ్గా ఆలోచిస్తే ఆ మాట నిలవదు.

నాలుకకు గుచ్చుకునే శూలాన్ని చూసి పిల్లలు భయపడొచ్చు. గోదావరి జిల్లాల పెద్దవాళ్లు మాత్రం భయపడరు. అక్కడ ఎన్నో కుటుంబాల్లో పెళ్లికి ముందు వీరభద్రుడి సంబరం చెయ్యడం ఆనవాయితీ. అందులో నారసాలు గుచ్చుకునేవాళ్లు ఉంటారు. శరభ శరభ అంటూ వీరంగం ఆడతారు. సింగపూర్‌లో అలగు అన్నది మనదగ్గర నారసం. అంతే తేడా.

నెత్తిన పాలబిందెతో నడిచే ఆడవాళ్ల వరస చూస్తే హైదరాబాద్ అమ్మాయికి బోనాలు గుర్తుకు రాకుండా ఉంటాయా? బిందెలో పాలైతే నేం, కుండలో అన్నమైతే నేం... వేపాకు, పసుపు, తడిసిన బట్టలు, బరువు మోస్తూ నిటారుగా నిలిచిన మెడ... అన్నీ తెలిసినవే.

ఇక చిత్తూరు, తిరుపతి వాళ్లనడిగితే నవ్వుతారు. ఆడికృత్తిక వస్తే పసుపు బట్టలు కట్టి, పూలకావడి భుజాన వేసుకుని తిరుత్తణికి వెళ్లడం అక్కడ తరాలుగా వస్తున్న మొక్కు. అసలు 1960లో సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి వెళ్లేదాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిదే! ఊరు హద్దు మారింది కానీ కావడి దారి మారలేదు.

మిగతా తెలుగునేల మీద సుబ్రహ్మణ్యుడు ఎక్కువగా పుట్టలో కొలువుంటాడు. మోపిదేవిలో, బిక్కవోలులో ఆయన సర్పరూపి. నాగులచవితి నాడు పుట్టలో పాలు పోస్తాం. సింగపూర్‌లో ఆ పాలే బిందెలకెక్కి మూడు కిలోమీటర్లు నడుస్తాయి. దేవుడొక్కడే, పాలూ అవే. కలిమిలేములు కావడి కుండలని సామెత కట్టుకున్న జాతికి కావడి పరాయిదెలా అవుతుంది?

అందుకే మొదటి ఏడు దూరం నుంచి చూసినవాళ్లు రెండో ఏడు చలివేంద్రంలో గ్లాసులు అందిస్తారు. మూడో ఏడు ఇంటావిడ నెత్తిమీద పాలబిందె ఉంటుంది.

సెలవూ లేదు... డప్పూ లేదు!

సింగపూర్ జనాభాలో హిందువులు ఇంచుమించు 5 శాతం. ఒకప్పుడు తైపూసానికి అక్కడ ప్రభుత్వ సెలవు ఉండేది. 1968 నుంచి లేదు. చిన్న దేశం, పరిశ్రమలు పెంచుకోవాలి, సెలవులు తగ్గించాలి అన్నది అప్పటి ఆలోచన. ఇతర మతాల సెలవులకూ కోత పడింది. హిందువులకు మిగిలిన ఏకైక సెలవు దీపావళి. ప్రస్తుతం ఏడాదికి ఉన్న ప్రభుత్వ సెలవులు 11. తైపూసానికి మళ్లీ సెలవు ఇవ్వాలన్న కోరిక 2015లో గట్టిగానే వినిపించింది. ఒకరికిస్తే మిగతావాళ్లూ అడుగుతారన్నది ప్రభుత్వ జవాబు. సముద్రం మీది దారి దాటి అటువైపు మలేసియాలోని జొహోర్‌కు వెళితే అక్కడ అదే రోజు సెలవు!

సెలవు లేకపోతే ఏం చేస్తారు? అర్ధరాత్రి మొదలుపెడతారు. చీకట్లో పాలబిందె ఎత్తి, తెల్లారేలోపు మొక్కు చెల్లించి, స్నానం చేసి ఆఫీసుకు వెళ్లేవాళ్లున్నారు. నుదుట విభూతి చెరగకుండా మీటింగుల్లో కూర్చుంటారు. కావడి ఎత్తేవాళ్లు మాత్రం సొంత సెలవు వాడుకోవాల్సిందే.

డప్పు సంగతి మరీ సున్నితం. ఊరేగింపులో వాద్యాల మీద 1973లో నిషేధం పెట్టారు. జట్లమధ్య పోటీలు గొడవలకు దారితీస్తున్నాయన్నది కారణం. నాలుగు దశాబ్దాలపాటు ఊరేగింపు గొంతులతోనే నడిచింది. కావడి ఎత్తినవాడి కాలికి ఉరుము డప్పు ఊతకర్ర లాంటిది. దెబ్బ పడితే అడుగు పడుతుంది. అది లేకుండా నడవడం ఎంత కష్టమో మోసినవాళ్లకే తెలుసు. చివరికి 2016లో దారిలో మూడుచోట్ల వాద్యాలకు అనుమతి దొరికింది. ఆ తర్వాతి ఏళ్లలో సడలింపులు పెరిగాయి. వాద్యాలు మోగే చోటుకు చేరగానే కావడి ఎత్తినవాళ్లు ఒక్కసారి గిర్రున తిరిగి ఆడతారు. అంతసేపు ఆపుకున్న అలసటంతా ఆ ఆటలో ఎగిరిపోతుంది.

నియమాలు చాలానే ఉన్నాయి. కావడికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. వేళ కేటాయిస్తారు. రోడ్డులో కొంత భాగమే ఊరేగింపుకు. పక్కన బస్సులు, కార్లు వెళ్తూనే ఉంటాయి. దీన్ని కట్టడి అనుకునేవాళ్లున్నారు. నాలుగు మతాలు పక్కపక్కన బతికే చోట ఆ మాత్రం పద్ధతి తప్పదనేవాళ్లూ ఉన్నారు. ఇచ్చిన చోటులో, ఇచ్చిన వేళకు పండుగను మాత్రం ఎవరూ మానలేదు. గుడులు, పందిళ్లు, వలంటీర్లు... ఎవరి పని వాళ్లది.

పిల్లలే గురువులు

తెలుగు ఇళ్లలో మరో ముచ్చట. సింగపూర్‌లో ఇంగ్లిషు, మలయ్, చైనీస్‌తోపాటు తమిళం అధికార భాష. బడిలో ప్రతి పిల్లాడూ ఒక మాతృభాష చదవాలి. భారతీయ పిల్లలకు తమిళం కాకుండా హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. ఆ జాబితాలో తెలుగు లేదు. దాంతో మన పిల్లలు సాధారణంగా తమిళమో హిందీయో ఎంచుకుంటారు. తెలుగు ఇంట్లోనో, వారాంతపు తరగతుల్లోనో నేర్చుకోవాలి. 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం ఉగాదిలాంటి వేడుకలతో ఆ లోటు తీర్చడానికి ప్రయత్నిస్తోంది.

దీనివల్ల తైపూసం నాడు వింత జరుగుతుంది. పండుగ గురించి పిల్లలు అడగడం, పెద్దలు చెప్పడం మన అలవాటు. అక్కడ తిరగబడుతుంది. తమిళం నేర్చిన పదేళ్ల పిల్ల బ్యానర్లు చదివి, ఏ వరస ఎటు పోతుందో, ఇడుంబుడు ఎవరో అమ్మానాన్నలకు వివరిస్తుంది. నాయనమ్మ ఊళ్లో చూసిన వీరభద్రుడి సంబరం కథ అప్పుడు బయటికొస్తుంది. ఊళ్లో ఉండగా ఎప్పుడూ చెప్పని కథ, ఎవరూ అడగని కథ. పరాయి దేశపు ఫుట్‌పాత్ మీద నాయనమ్మకు, మనవరాలికి మధ్య అలా ఒక వంతెన పడుతుంది.

ఇంకా ఎక్కడెక్కడ..?

* మలేసియా, బతు గుహలు: తైపూసానికి ప్రపంచంలోనే పేరున్న చోటు. 1892 నుంచి ఇక్కడ ఉత్సవం జరుగుతోంది. కౌలాలంపూర్ నడిబొడ్డున 1873లో స్థాపించిన మహామారియమ్మన్ గుడి నుంచి వెండిరథం రాత్రంతా ప్రయాణించి గుహలకు చేరుతుంది. 272 మెట్లెక్కాలి. మెట్ల పక్కన 140 అడుగుల బంగారు రంగు స్వామి విగ్రహాన్ని 2006లో ఆవిష్కరించారు.

* మారిషస్: కావడి పండుగ ప్రభుత్వ సెలవు దినం. తెలుగువాళ్లకు మరో సంతోషం... ఉగాదికీ ఇక్కడ సెలవే.

* దక్షిణాఫ్రికా, డర్బన్: చెరకు తోటల్లో పనికి వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లు నేటాల్ నేలమీద నిలబెట్టిన కావడి ఉత్సవం. అక్కడి ఆంధ్ర మహాసభ 1931 నాటిది.

* ఫ్రాన్స్, పారిస్: వేసవి చివర్లో లా షాపెల్ వీధుల్లో వినాయకుడి రథం. శ్రీలంక నుంచి శరణార్థులుగా వచ్చిన తమిళులు మొదలుపెట్టారు. కుప్పలుగా పోసిన కొబ్బరికాయలు రోడ్డుమీద కొడుతుంటే నీళ్లు కాలువ కడతాయి.

* జర్మనీ, హామ్: కామాక్షి అమ్మవారికి 2002లో ఇక్కడ పెద్ద గోపురంతో గుడి కట్టారు. ఏటా జరిగే రథోత్సవానికి చుట్టుపక్కల దేశాల నుంచీ భక్తులు వస్తారు.

చూడ్డానికి వెళితే...

తైపూసం సమయంలో సింగపూర్ వెళ్లేవాళ్లు రెండు పూటలు చూడొచ్చు. పాలబిందెల వరస చూడాలంటే అర్ధరాత్రి. పెద్ద కావళ్లు చూడాలంటే పగటిపూట. ఎండ బాగా కాస్తుంది, నీళ్లు దగ్గరుంచుకోవాలి. శూలాలు గుచ్చే చోట కెమెరా పట్టుకుని మీదమీదకు వెళ్లకూడదు. అది వాళ్ల ప్రార్థన సమయం. నడిచేవాళ్లకు అడ్డు రాకుండా కంచె ఇవతల నిలబడాలి. చిన్నపిల్లల్ని తీసుకెళ్తే ఏం చూడబోతున్నారో ముందే చెప్పడం మంచిది. గుడిలో పెట్టే భోజనం మాత్రం వదులుకోవద్దు!

రోడ్డు ఖాళీ అయిన రెండేళ్లు

ఈ పండుగ బలం ఎక్కడుందో అందరికీ తెలిసొచ్చింది కరోనా కాలంలో. 2021లో, 2022లో సింగపూర్‌లో ఊరేగింపు జరగలేదు. గుడి తలుపులు మూసెయ్యలేదు. ముందుగా వేళ తీసుకుని పాలబిందెతో నేరుగా టాంక్ రోడ్డు గుడికి వెళ్లి అభిషేకానికి ఇచ్చి రావచ్చు. శాస్త్రప్రకారం చూస్తే మొక్కు తీరినట్టే. పాలు చేరాయి. స్వామి ఉన్నాడు. అయినా చాలామందికి వెలితి మిగిలిపోయింది. ఎందుకంటే దారి లేదు. చెమట తుడిచే తమ్ముడు లేడు. మజ్జిగ గ్లాసు అందించే పరాయి చెయ్యి లేదు. వెనక్కి నడుస్తూ ముఖంలోకి చూసే అమ్మ లేదు.

2023లో దారి మళ్లీ తెరుచుకుంది. రెండేళ్లు ఇంట్లో మూలనున్న చట్రాలకు కొత్త నెమలి ఈకలు కట్టారు. పెరుమాళ్ గుడి ముందు మళ్లీ వరసలు. ఎప్పట్లాగే కొందరికి ఆఫీసులు, కొందరికి షిఫ్టులు. ఎప్పట్లాగే సెలవు లేదు. అయినా వచ్చారు.

ఇడుంబుడు రెండు కొండల్ని ఒక్కడే మొయ్యబోయాడు. పళని దగ్గర ఆగిపోయాడు. సింగపూర్ వీధిలో కావడి ఎత్తినవాడు ఆగిపోడు. అతని చుట్టూ పదిమంది నడుస్తుంటారు మరి!